చిన్న కార్లు – నెట్టిన చేతులు

1961 ఎస్సెస్సెల్సీ బ్యాచ్ విద్యార్థి, విశ్రాంత వైద్యుడు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని సంపాదకవర్గం మిత్రులు అడిగినప్పుడు, జీవితమంతా రోగుల నాడి చూసిన నాకు చరిత్రేం తెలుసు అనుకున్నాను. తీరా కూర్చుని ఆలోచిస్తే నాకు బాగా తెలిసిన చరిత్ర ఒకటుంది. అది రాజులదీ కాదు, యుద్ధాలదీ కాదు. మన బడి గేటు ముందు తరచూ ఆగిపోయే ఒక చిన్న ఇంగ్లీషు కారుది. దాన్ని నెట్టిన చేతులది. మా బ్యాచ్ వారికి ఆ కారు గుర్తుండే ఉంటుంది. తరవాత వచ్చిన వారికి చెప్పవలసిన బాధ్యత మాది.

డాక్టరు గారి బండి

మన బడి పాత గేటుకు ఎదురుగా రోడ్డు కొంచెం ఎత్తెక్కుతుంది. మా చిన్నతనంలో ఊళ్లో ఉన్న ఒకే ఒక్క కారు డాక్టరు గారిది. దాని పేరు బేబీ హిందుస్థాన్. ఇంగ్లండులో మోరిస్ మైనర్ అనే బండిని మన దేశంలో హిందుస్థాన్ మోటార్స్ వారు ఆ పేరుతో తయారుచేశారు. నల్లరంగు, గుండ్రటి వీపు. మలుపు తిరిగేటప్పుడు తలుపు పక్క స్తంభంలోంచి నారింజరంగు చెయ్యి ఒకటి టపీమని బయటికి వచ్చేది. దాన్ని చూడటానికే మేము ఆ మూల నిలబడేవాళ్లం.

ఉదయం రోగులను చూడటానికి బయలుదేరిన కారు, మనసు బాగుంటే ఎత్తెక్కేది, లేకపోతే సరిగ్గా గేటు ముందు ఆగేది. డాక్టరు గారు పంచె ఎగదోపుకుని దిగి, ముందు హ్యాండిల్ పెట్టి నాలుగు తిప్పులు తిప్పేవారు. అప్పటికీ కదలకపోతే మా వైపు చూసి, “ఒరేయ్ పిల్లలూ, తలా ఓ చెయ్యి వెయ్యండ్రా” అనేవారు. పదిమందిమి పుస్తకాలు గోడమీద పెట్టి నెట్టేవాళ్లం. ఒక్కసారి దగ్గి, నల్లగా పొగ వదిలి కారు వెళ్లిపోయేది. ఫస్టు బెల్లు దాటాక క్లాసుకు వెళ్లినా, “డాక్టరు గారి కారు నెట్టాం సార్” అంటే ఆ రోజుకు బెత్తం దెబ్బ మాఫీ. మన బడిలో చెల్లిన సాకు అదొక్కటే.

మాలో ఒకడికి మాత్రం నెట్టడంతో పని అయ్యేది కాదు. నా బెంచీలో నా పక్కనే కూర్చునేవాడు. కారు కదిలాక మేమంతా వెనక్కి తిరిగితే, వాడు దాని వెనకే పరుగెత్తి, ఇంజను చప్పుడు విని వచ్చేవాడు. “ఇవాళ మూడు ప్లగ్గులే కాలుతున్నాయిరా” అని లెక్కల క్లాసులో నా చెవిలో చెప్పేవాడు. ఫోర్త్ ఫారంలో ఉండగా వాళ్ల నాన్న పోయారు. ఇల్లు గడవాలి కాబట్టి బడి మానేశాడు. డాక్టరు గారే వాణ్ణి బెజవాడలో ఒక షెడ్డులో పనికి కుదిర్చారు. అక్కడినుంచి తిరిగి వచ్చాక ఊరంతా వాణ్ణి మేస్త్రీ అనే పిలిచింది. నేనూ ఇక్కడ అలాగే అంటాను.

అంత చిన్నగా ఎందుకు పుట్టాయి?

ఇంగ్లీషువాళ్లు అంత బుల్లి కార్లు ఎందుకు చేశారన్నది నాకు చాలాకాలం వరకూ తెలియలేదు. దానికి మూలం పన్ను. బ్రిటన్‌లో కారు మీద వేసే పన్నును ఇంజను సిలిండరు వెడల్పును బట్టి లెక్కకట్టేవారు. సిలిండరు సన్నగా ఉంటే పన్ను తక్కువ. అందుకని అక్కడి కంపెనీలు సన్నటి సిలిండర్లు, చిన్న ఇంజన్లు పెట్టి, మోటారు సైకిలు కొనుక్కునే మధ్యతరగతి మనిషి చేత కారు కొనిపించాలని చూశాయి. ఆ దారిలో ముందు గెలిచింది 1922లో వచ్చిన ఆస్టిన్ సెవెన్. హెర్బర్ట్ ఆస్టిన్ దాని నమూనాను స్టాన్లీ ఎడ్జ్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రవాణ్ణి పెట్టుకుని, తన ఇంట్లో బిలియర్డ్స్ ఆడే గదిలో గీయించాడు. మన పెద్దవాళ్లు బేబీ ఆస్టిన్ అనేది దీన్నే. 1939 దాకా సుమారు 2,90,000 బళ్లు తయారయ్యాయి. జర్మనీలో బీఎండబ్ల్యూ వారు అమ్మిన మొదటి కారు కూడా లైసెన్సు తీసుకుని చేసిన ఈ ఆస్టిన్ సెవెనే.

మోరిస్ మైనర్‌ను రూపొందించినవాడు అలెక్ ఇసిగోనిస్. 1906లో స్మిర్నాలో పుట్టి, యుద్ధం వల్ల ఊరు వదిలి కాందిశీకుడుగా ఇంగ్లండు చేరినవాడు. నమూనా అంతా సిద్ధమయ్యాక చూస్తే కారు ఇరుకుగా కనిపించిందట. మరొకడైతే సరిపెట్టుకునేవాడు. ఆయన కారును నిలువునా రెండుగా కోయించి, రెండు ముక్కలనూ ఎడంగా జరిపి చూసి, నాలుగు అంగుళాలు వెడల్పు పెంచాడు. అందుకే ఆ బానెట్టు మధ్యలో వెడల్పాటి పట్టీ ఒకటి కనిపిస్తుంది. అప్పటికే తయారైన బంపర్లను కూడా మధ్యకు కోసి అతుకు వేశారు. కంపెనీ యజమాని లార్డ్ నఫీల్డ్‌కు మాత్రం కారు నచ్చలేదు. గుడ్డుతో పోల్చి ఈసడించాడని చెబుతారు. 1948 అక్టోబరులో లండన్ ప్రదర్శనలో పెట్టిన ఆ గుడ్డే, 1960 డిసెంబరు నాటికి పదిలక్షలకు చేరిన మొదటి బ్రిటిష్ కారు అయింది. ఉత్పత్తి ఆపేసిన 1970ల మొదటికి మొత్తం 16 లక్షలు దాటింది.

మన దేశానికి ఎలా వచ్చాయి?

స్వాతంత్య్రం వచ్చాక 1949లో పూర్తిగా తయారైన కార్ల దిగుమతిని ప్రభుత్వం ఆపేసింది. ఇక్కడే భాగాలు తయారుచేసే ఉద్దేశం ఉన్న కంపెనీలకే అనుమతి అన్నారు. జనరల్ మోటార్స్, ఫోర్డ్ వంటి అమెరికా సంస్థలు 1950ల మధ్యకల్లా మూటాముల్లె సర్దుకున్నాయి. మిగిలిన వాటిలో కలకత్తా దగ్గర ఉత్తరపారాలో మోరిస్ బళ్లు చేసే హిందుస్థాన్ మోటార్స్, బొంబాయిలో ఫియట్ చేసే ప్రీమియర్, మద్రాసులో స్టాండర్డ్ బళ్లు చేసే స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ముఖ్యమైనవి. అంటే మూడింట రెండు ఇంగ్లీషు సంసారాలే. డబ్బున్నా ఏళ్ల తరబడి వరసలో నిలబడాలి. వచ్చిన బండిని జీవితాంతం చూసుకోవాలి. పెళ్లిలాంటిదే.

1960లలో డాక్టరు గారు బేబీ హిందుస్థాన్ తీసేసి స్టాండర్డ్ హెరాల్డ్ కొన్నారు. ఇంగ్లండులో దీని పేరు ట్రయంఫ్ హెరాల్డ్. 1959లో అక్కడ, 1961లో మద్రాసులో మొదలైంది. బొమ్మ గీసినవాడు ఇటలీ దేశస్థుడు జొవానీ మికెలొట్టి. మిగతా కార్లు చట్రం మానేసి డొక్కునే బలంగా కడుతున్న రోజుల్లో, హెరాల్డ్ మాత్రం పాతకాలం లాగ విడి చట్రం మీద బోల్టులతో బిగించిన బండి. ముందు చక్రాలు ఎంతగా తిరుగుతాయంటే మన బజారు వీధిలోనే వెనక్కి తిప్పేయవచ్చు. మేస్త్రీకి అన్నిటికంటే నచ్చింది దాని బానెట్టు. మడ్‌గార్డులతో సహా మొత్తం ముందుకు ఒరిగిపోతుంది. టైరు మీద కూర్చుని ఇంజను పని చేసుకోవచ్చు. “ఈ బండి గీసినవాడెవడో మా నొప్పి తెలిసినవాడురా” అనేవాడు.

నొప్పులు దానికీ ఉన్నాయి. వెనక చక్రాలు దేనికది విడిగా ఊగే ఏర్పాటు వల్ల, వేగంగా మలుపు తిప్పితే చక్రం లోపలికి ముడుచుకునే స్వభావం ఉండేది. ఇంగ్లండులోనూ దీని గురించి చాలా రాశారు. మన దేశంలో తరవాత హెరాల్డ్ స్థానంలో వచ్చిన గెజెల్‌కు మామూలు ఇరుసే పెట్టారు. అప్పటికి బెజవాడ ఆటోనగర్‌లో ఇలాంటి బళ్లను విప్పి, అరిగిన ముక్కను లేత్ మీద తిప్పి, కొత్తది చేసి బిగించే చేతులు వందలాదిగా తయారయ్యాయి. దొరకని విడిభాగం కోసం ఏడ్చే తీరిక మనవాళ్లకు లేదు. లేకపోతే చేసుకోవడమే.

లాంకషైర్‌లో నా కారు

1972లో నేను ఇంగ్లండు వెళ్లాను. ఆ రోజుల్లో అక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల్లో మనదేశం డాక్టర్లు చాలామంది పనిచేసేవారు. లాంకషైర్‌లో ఒక చిన్న పట్నంలో ఉద్యోగం. రాత్రి డ్యూటీలకు బస్సులు ఉండవు కాబట్టి ఎనభై పౌన్లు పెట్టి, 1963 నాటి మోరిస్ మైనర్ ఒకటి కొన్నాను. బూడిదరంగు, 1098 సీసీ ఇంజను. వీధిలో దాన్ని మొదటిసారి చూసినప్పుడు, అదే గుండ్రటి వీపు, అదే దగ్గు. పరాయిదేశంలో మన ఊరివాడు ఎదురైనట్టే అనిపించింది. నారింజరంగు చెయ్యి మాత్రం లేదు. 1961లో తీసేసి వెలిగి ఆరే దీపాలు పెట్టారు.

కారు చరిత్ర ఎంత గొప్పదైనా, యజమాని తెలివితక్కువవాడైతే అది ఏం చేస్తుంది? మొదటి చలికాలం రేడియేటరులో మంచినీళ్లు పోసి ఊరుకున్నాను. గడ్డకట్టకుండా అందులో ఒక మందు కలపాలని నాకు తెలియదు. ఒక తెల్లవారుజామున చూస్తే నీళ్లు మంచుగడ్డయి, ఇంజను పక్కన బిగించిన చిన్న బిళ్ల ఒకటి ఊడి బయటికి వచ్చింది. ఆ బిళ్ల ఊడబట్టి ఇంజను పగలలేదు. తప్పు పూర్తిగా నాది. రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు కింద రేకును తినేసేది. ఏటేటా జరిగే తనిఖీకి వెళ్లే ముందు, ఎమ్మెస్ పరీక్షకు వెళ్లినంత భయం వేసేది. తడి గాలిలో బ్యాటరీ నీరసపడితే, పక్కింటి ముసలాయన, రిటైరైన నూలుమిల్లు కార్మికుడు, స్వెట్టరు చేతులు పైకి మడిచి బయటికి వచ్చేవాడు. ఏమీ అడగకుండా వెనక చెయ్యి వేసేవాడు. ఆయనకు కారు లేదు, ఎప్పుడూ ఉండలేదు. ఆ వీధిలో మా ఇద్దరికీ స్నేహం కుదిరింది ఆ నెట్టడంలోనే.

ఒక ఫిబ్రవరిలో నెట్టినా కదలని రోజు వచ్చింది. ఒక గ్యారేజీలో చూపిస్తే పెట్రోలు పంపు పోయింది, మొత్తం మార్చాలన్నారు. చెప్పిన ఖరీదు నాకు ఎక్కువే. ఆ రాత్రి ఉక్రోషంతో మేస్త్రీకి ఒక ఏరోగ్రామ్ రాశాను. సాయం కోరి కాదు, కష్టం చెప్పుకుందామని. వచ్చేవరకు రాత్రి డ్యూటీకి మూడు మైళ్లు నడిచాను. పన్నెండో రోజున జవాబు వచ్చింది. బెజవాడ ముద్ర, నూనె మరక, వంకర అక్షరాలు.

“ఒరేయ్ డాక్టరూ, తాళం తిప్పగానే టక్ టక్ మని చప్పుడు రావాలి. వస్తోందా? రాకపోతే పంపు చావలేదు, నిద్రపోయింది. స్పానరు వెనకవైపుతో దాని నెత్తిన మెల్లగా కొట్టు. లేస్తుంది. లేచాక చివర మూత విప్పి, లోపల రెండు పాయింట్లు ఉంటాయి, సన్నటి కాగితంతో శుభ్రం చెయ్యి. గట్టిగా రుద్దకు. మన పాత డాక్టరు గారి బండికీ ఇదే రోగం. వెయ్యి మైళ్లకోసారి ముందు చక్రాల దగ్గర గ్రీజు కొట్టించు, లేకపోతే చక్రం ఊడి నీకంటే ముందు పోతుంది.”

ఉత్తరం జేబులో పెట్టుకుని వీధిలోకి వెళ్లాను. స్పానరుతో మెల్లగా కొట్టాను. టక్, టక్, టక్. నేను పక్కవాళ్లు చూస్తారనే సిగ్గు కూడా లేకుండా ఆ చలిలో కాసేపు అలాగే నిలబడిపోయాను. ఐదువేల మైళ్ల అవతలినుంచి, ఇంగ్లండు ఎన్నడూ చూడని మనిషి, బడి కూడా పూర్తి చెయ్యనివాడు, ఆ కారు రోగం సరిగ్గా చెప్పాడు. నేను రోగిని ముందు పెట్టుకుని కూడా ఎన్నిసార్లు అంత కచ్చితంగా చెప్పగలిగానో నాకు తెలుసు. ఆ తరవాత ఆరేళ్ల పాటు మా ఉత్తరాల్లో సగం కారు గురించే. ఇంటి సంగతులు చివరి రెండు లైన్లలో ఉండేవి.

ఆ పరిశ్రమ ఏమైంది?

అదే ఇసిగోనిస్ 1959 ఆగస్టులో మినీని తెచ్చాడు. 1956లో సూయెజ్ గొడవతో బ్రిటన్‌లో పెట్రోలుకు రేషన్ పెట్టవలసి వచ్చింది. తక్కువ తాగే బండి కావాలన్నారు. ఆయన ఇంజనును అడ్డంగా తిప్పి, గేరుపెట్టెను దాని కిందే పెట్టి, పది అంగుళాల చక్రాలు వేసి, పది అడుగుల పొడవులో నలుగురికి చోటు చేశాడు. ఈనాడు మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో దాదాపు అన్నిటికీ ఇంజను అడ్డంగానే ఉంటుంది. మినీ 1964, 1965, 1967లలో మాంటే కార్లో ర్యాలీ గెలిచింది. మొదట్లో వచ్చిన మినీలలో వాననీరు కాళ్ల కిందికి కారేది. ముందువైపే ఉన్న డిస్ట్రిబ్యూటరు తడిసి బండి ఆగేది. దానికి రబ్బరు గ్లవ్ తొడిగి, వేళ్ల చివరలు కోసి, అందులోంచి ప్లగ్గు వైర్లు లాగే చిట్కా అక్కడ చాలామందికి తెలుసు. ఆపరేషన్ థియేటర్లో పనిచేసేవాళ్లకు ఆ చిట్కా ఇంకా సులువు.

ఇంత తెలివి ఉన్న పరిశ్రమ నిలబడలేదు. ఫోర్డ్ కంపెనీవారు ఒక మినీని కొని, మరమరా విప్పి లెక్కకట్టి, ఒక్కో బండి మీద సుమారు 30 పౌన్లు నష్టానికి అమ్ముతున్నారని తేల్చారు. ఆస్టిన్, మోరిస్ 1952లో కలిశాయి. 1968లో బ్రిటిష్ లేలాండ్ అయ్యాయి. 1975లో ప్రభుత్వం చేతిలోకి వెళ్లాయి. చివరికి ఆ వంశంలో మిగిలిన రోవర్ 2005లో మూతపడింది. మన దగ్గర 1983 డిసెంబరులో మారుతి వచ్చాక కారంటే తాళం తిప్పితే కదిలేదని జనానికి అలవాటయింది. మద్రాసు స్టాండర్డ్ 1980ల చివర ఆగిపోయింది. ఉత్తరపారాలో అంబాసిడర్ 2014 దాకా లాక్కొచ్చింది.

పాతవి మంచివి, కొత్తవి చెడ్డవి అని నేను అనను. అర్ధరాత్రి ప్రసవానికి వెళ్లవలసిన డాక్టరుకు తాళం తిప్పగానే కదిలే కారే మంచి కారు. కాని ఒకటి నిజం. ఆ చిన్న కార్లు ఎవ్వరికీ ఒంటరిగా సొంతం కాలేదు. కాగితం మీద పేరు ఒకరిది, దాన్ని నడిపించిన చేతులు పదిమందివి.

గేటు బయట

1979లో నేను తిరిగి వచ్చేశాను. కారును ఆ వీధిలోనే ఒక కుర్రవాడికి అమ్మి, మేస్త్రీ ఉత్తరం ఇంగ్లీషులోకి రాసి ఇచ్చాను.

1999లో మన సంఘం రజతోత్సవం జరిగింది. డాక్టరు గారు అప్పటికి లేరు. ఆయన హెరాల్డ్‌ను కొడుకుల దగ్గర కొని, మూడు నెలలు రాత్రింబగళ్లు పనిచేసి, మేస్త్రీ దాన్ని మళ్లీ నిలబెట్టాడు. బతికున్న మాస్టార్లలో అందరికంటే పెద్దాయనను అందులో కూర్చోబెట్టి, బ్యాండు మేళంతో ఊరేగింపుగా తెచ్చాం. ఆ ఫొటో సంఘం ఆఫీసు గోడమీద ఇప్పటికీ ఉంది. అందులో నేనున్నాను, దండతో. స్టీరింగు వెనక ఉన్న మనిషి ముఖం అద్దం మెరుపులో కనిపించదు.

సభ సాయంత్రం దాకా సాగింది. నేను వేదిక మీద స్నేహం గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాను. భోజనాలయ్యాక బయటికి వస్తే, హెరాల్డ్ గేటు అవతల చెట్టు కింద ఉంది. మేస్త్రీ దాని టైరు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. “లోపలికి రాలేదేంరా?” అన్నాను. “బ్యాడ్జీలు పాసైనవాళ్లకేగా. నా పేరు రిజిస్టర్లో లేదన్నారు. అయినా బండి ఎవరో ఒకరు చూసుకోవాలిగా” అన్నాడు. కోపం లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. చిట్టీ రాసినవాళ్ల తప్పు కాదది. ఎస్సెస్సెల్సీ పూర్తిచేసినవారే సభ్యులని మన నిబంధన. ఆ నిబంధన రాసిన కమిటీలో నేనూ ఉన్నాను.

“రేపు సరిచేయిస్తాను” అన్నాను. చెయ్యలేదు. ఏటేటా సర్వసభ్య సమావేశానికి వెళ్లాను, టీ తాగాను, లెక్కలు ఆమోదించాను, వచ్చాను. మూడేళ్ల క్రితం మేస్త్రీ పోయాడు. ఆ కబురు వచ్చినరోజు రాత్రి పాత ఏరోగ్రామ్ తీసి చదివాను. “మెల్లగా కొట్టు, లేస్తుంది” అన్నచోట కళ్లు ఆగాయి.

మన బడి రిజిస్టర్లు తిరగేస్తే మధ్యలో పేరు కొట్టేసిన పిల్లలు వందలమంది కనిపిస్తారు. నాన్న పోయి మానేసినవాళ్లు, పెళ్లి చేసి పంపేసిన ఆడపిల్లలు, జీతం కట్టలేక ఆగినవాళ్లు. వాళ్లూ ఇదే గంట విన్నారు, ఇదే గేటులోంచి నడిచారు. మనం పైకెక్కిన బండిని వాళ్లూ నెట్టారు. అందుకని ఈ స్వర్ణోత్సవ సభలో నేను ఒక తీర్మానం పెడుతున్నాను. ఈ బడిలో ఒక్క ఏడాది చదివినా సరే, అడిగితే సభ్యత్వం ఇవ్వాలి. పాతికేళ్లు ఆలస్యంగా అడుగుతున్నందుకు క్షమించండి. బలపరిచే చేతులు కావాలి.

మేస్త్రీ కొడుకు ఆ హెరాల్డ్‌ను ఈ ఉత్సవానికి తెస్తానన్నాడు. గేటు దగ్గర ఎత్తు అలాగే ఉంది, బండి వయసు మాత్రం పెరిగింది. ఎక్కలేకపోవచ్చు. ఆగితే మా బ్యాచ్‌లో మిగిలినవాళ్లం వస్తాం, మా మోకాళ్లు ఒప్పుకున్నంత మేరకు. మిగతాది కుర్ర బ్యాచ్‌ల వాళ్లు చూసుకోవాలి. ఈసారి మాత్రం ఆ కారు గేటు బయట ఆగకూడదు.